ఎలీషమ్మ సాక్ష్యం, క్రిస్టీనా బంగారం

సత్యానందం చెయ్యి పడని వస్తువు ఆ ఇంట్లో లేదు. గిన్నెలకు సొట్టలు, తలుపుకు చీలిక, పెద్దవాడు శాంసన్ వీపు మీద బెల్టు చారలు, చిన్నది క్రిస్టీనా ఎడమ చెవిలో ఎన్నేళ్లయినా ఆగని హోరు. ఆయన బొల్లారంలో మిలిటరీ మెస్సులో వంటమనిషి. ఆఫీసర్ల ముందు పిల్లిలా నడుస్తాడని, చెయ్యి చాలా మెత్తనిదని పేరు. ఆ మెత్తదనాన్ని మెస్సు గేటు దగ్గరే వదిలేసి, లాల్‌గడి మలక్‌పేట్ దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చి, గడప దాటగానే చేతికి ఏది దొరికితే అది విసిరేవాడు. ఎక్కువసార్లు దొరికేది రొట్టెలు కాల్చే పెంక. ఇనుప పెంక తగిలితే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఎలీషమ్మ కోళ్ల ఫారంలో గుడ్లు ఏరే పని చేసేది. మొగుణ్ని ఎదిరించలేదు, పుట్టింటికి పోలేదు. ఆమె చేసిందల్లా ఒక్కటే. ఆదివారం చర్చిలో పాటలయ్యాక పాస్టరు సాక్ష్యాలు అడుగుతాడు. ఆ వారంలో దేవుడు తనకేం చేశాడో లేచి నలుగురి ముందు చెప్పడం అక్కడి రివాజు. మిగతావాళ్లు జ్వరం తగ్గిందనో, కొడుకు పాసయ్యాడనో చెప్పి కూర్చునేవారు. ఎలీషమ్మ ఒకనాడు వాచిన కన్నుతో లేచి నిలబడింది.

"నిన్న నా పెనిమిటి రొట్టె పెంకతోని తలకాయ మీద గొట్టిండు. కన్ను పోలేదు, వాసింది గంతే. ప్రభువుకు వందనాలు."

మగవాళ్ల వైపు కూర్చున్న సత్యానందం తల నేలకు దిగిపోయింది. ఇంటికి వచ్చి మళ్లీ కొట్టాడు. వచ్చే ఆదివారం ఆమె అదీ చెప్పింది. గొంతులో ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు, వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. ఆ పైన ఆయన చర్చికి రావడం మానుకున్నాడు కానీ, పెంక విసరడం తగ్గించాడు. తన తప్పుల విషయంలోనూ ఆమె ఇంతే. పగిలిన గుడ్లు కొంగున కట్టుకుని తెచ్చుకున్నానని సాక్ష్యంలో చెప్పేస్తే, ఆ మాట ఫారం యజమాని చెవిన పడి కొన్నాళ్లు పని పోయింది. ఇంత తిక్క మనిషి ఎక్కడైనా ఉంటుందా అని నవ్వినవాళ్లే, ఎలీషమ్మ నోట్లోంచి వచ్చిందంటే జరిగినట్టేనని ఒప్పుకునేవారు. మలక్‌పేట్‌లో ఆమె మాటకున్న విలువ అదీ. ఆ విలువే తర్వాత కొంప ముంచింది.

తొంభైల మధ్యలో సత్యానందాన్ని మేడ్చల్ హైవే మీద లారీ గుద్దింది. ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఏడవనందుకు క్రిస్టీనా సిగ్గుపడింది కూడా లేదు. అయితే ఆయన చెయ్యి మాత్రం చావలేదు, శాంసన్‌కు వచ్చింది. భూముల ధరలు లేచి, పొలాల్లో లేఅవుట్లు పడుతున్న రోజులవి. గండయ్య అనే భూస్వామి సగం పొలాన్ని ప్లాట్లు చేసి, మిగతావాళ్ల పొలాల మీద కన్నేసి, కండ బలమున్న పోరగాళ్లను చేరదీశాడు. పగటిపూట సర్పంచు కావాలని దండాలు పెడుతూ తిరిగేవాడు. శాంసన్ ఆయన దగ్గర చేరి హద్దురాళ్లు పీకాడు, కంచెలు తెంపాడు, అడ్డం వచ్చిన ఒక ముసలి రైతు మోకాలు విరగ్గొట్టాడు. ఆ రోజు క్రిస్టీనా అన్న ముందు అన్నం కంచం పెట్టలేదు. కానీ ఆమె చదువుకు ఫీజు కట్టిందీ ఆ చేతులే. అన్నను పూర్తిగా అసహ్యించుకోలేకపోవడం ఆమెకు అన్నిటికంటే కష్టంగా ఉండేది.

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, రెండువేల ఐదులో ఆమె కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో చేరింది. ఆ ల్యాబు నడిపే దుర్గాబాయి మేడం చేస్తున్న పని బంగారంతో. నగల బంగారం కాదు. ఉప్పులా ఉండే బంగారు లవణాన్ని నీళ్లలో కరిగించి, మరిగించి, మరో మందు కలిపితే అందులోంచి కంటికి కనబడని బంగారు రేణువులు పుడతాయి. నీళ్లు దానిమ్మ రసం రంగుకు తిరుగుతాయి. ఆ రేణువులు దూరం దూరంగా ఉన్నంతసేపు వెలుతురులోంచి ఒక రంగునే మింగుతాయి, అందుకని ఎర్రగా కనిపిస్తాయి. దగ్గరికి చేరితే గుంపుకో రంగు మింగుతాయి. చిన్న గుంపు ఒకటి, పెద్ద గుంపు ఇంకొకటి. చివరికి బయటికి పంపడానికి ఏ రంగూ మిగలదు, బంగారం నల్లబడిపోతుంది. అలాంటి నలుపును గాజు పలక మీద పరిస్తే ఎండనంతా తాగి వేడిగా మారుస్తుందని మేడం ఆశ.

వాటిని చేత్తో పేర్చడం ఎవరి తరమూ కాదు. అవే వచ్చి చేరాలి. ఎర్ర నీళ్ల మీద నూనెలాంటి ద్రవం పోసి, రేణువులకు పల్చటి పూత పట్టే మందు చుక్కలుగా వేసి, కదలకుండా కూర్చోవాలి. నీళ్లకూ ఆ ద్రవానికీ మధ్య రేణువులు పాల మీద మీగడలా చేరతాయి. తొందరపడితే ముద్దయి అడుక్కి దిగిపోతాయి. గాజుసీసాకు ఎక్కడైనా మురికి అంటి ఉంటే అంతే. దగ్గర్లోని క్వారీలో బండ పేలినా అంతే, కట్టిన మీగడ చీలిపోయేది. ఎన్నిసార్లు చీలిందో. మేడం విసుక్కునేది. క్రిస్టీనాకు మాత్రం విసుగు రాలేదు. ఎవరూ ఎవరినీ తోయకుండా, కొట్టకుండా, అరవకుండా ఒక పని జరగడం ఆమె అక్కడే మొదటిసారి చూసింది. ఆ ల్యాబులో కూర్చుంటే చెవిలో హోరు కూడా కాస్త తగ్గినట్టుండేది.

ఏడాదిన్నర తర్వాత ఒక శనివారం పలక కుదిరింది. పొర మీద పొర గాజు మీదికి ఎత్తి ఆరబెడితే అరచేతిలో సగమంత నలుపు వచ్చింది. ట్యూబులైటు కింద పెట్టినా అందులో మెరుపు లేదు. మేడం దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, అది ఎండనెంత తాగుతుందో బెంగళూరులో కొలిపిద్దామని, కొలత బాగా వస్తే క్రిస్టీనాను పీహెచ్‌డీలో చేర్చుకుంటానని చెప్పింది. క్రిస్టీనా బస్సులో ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. తల్లికి చెప్పింది. ఎలీషమ్మ ఒకటే అడిగింది, అది నిజం బంగారమేనా అని. నిజం బంగారమే అంది కూతురు. ఎంత అని తల్లి అడగలేదు, ఇంత అని కూతురు చెప్పలేదు.

మర్నాడు చర్చిలో ఎలీషమ్మ లేచి నిలబడింది.

"నా బిడ్డ కాలేజీల తన చేతులతోని బంగారం జేసింది. నల్లగుంటది, గని నిజం బంగారమే. అద్దం మీద పరిచింది. ప్రభువుకు వందనాలు."

క్రిస్టీనా పక్కనే కూర్చుని తల్లి చీర కుచ్చెళ్లు పట్టి లాగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మధ్యాహ్నానికి ఆ మాట కోళ్ల ఫారాలు తిరిగి, కల్లు కాంపౌండు తిరిగి గండయ్య దగ్గర తేలింది. నోళ్లు మారుతూ అద్దం పలక కాస్తా పెద్ద కిటికీ అద్దమైంది.

గండయ్య సోమవారం పొద్దున్నే శాంసన్‌ను లేఅవుట్ ఆఫీసు గదికి పిలిపించాడు. చెల్లె దగ్గర బంగారముందట కదా అని నవ్వుతూనే అడిగాడు. లేదన్నా, అదేదో చదువుకునే మందు అన్నాడు శాంసన్. మరి మీ అమ్మ చర్చిలో అబద్ధం చెప్పిందా అన్నాడు గండయ్య. అమ్మ అబద్ధం చెప్పదన్నాడు శాంసన్. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. నిన్నటిదాకా కలిసి తిన్న పోరగాళ్లే అతన్ని ఇనుప కడ్డీలతో కొట్టడం మొదలుపెట్టారు. వాళ్లకు ఎక్కడ కొట్టాలో నేర్పింది శాంసనే.

కాలేజీ గేటు దగ్గరికి ఒకడు ఆటోలో వచ్చి క్రిస్టీనా చేతిలో ఒక చొక్కా పెట్టాడు. అది అన్న చొక్కా. కాలరు ఊడిపోయింది, మిగతాదంతా తడిగా, జిగటగా ఉంది. బంగారం తెస్తే మనిషి, లేకపోతే శవం అని చెప్పి వాడు ఆటోలోనే కూర్చున్నాడు. పోలీసుల మాట ఆమెకు తట్టకపోలేదు. కానీ శాంసన్ పేరు మీద అక్కడున్న కేసులు ఆమెకు తెలుసు. వాళ్లు కదిలేలోపు అన్న చచ్చిపోతాడని కూడా తెలుసు. మేడం క్లాసులో ఉంది. క్రిస్టీనా ల్యాబులోకి వెళ్లి పలకను దూదిలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. అడగకుండా తీసుకెళ్తే దొంగతనమే అవుతుందని తెలిసే తీసుకుంది.

ఆటో దించిన లేఅవుట్ ఆఫీసు రేకుల గదిలో శాంసన్ గోడకు ఆనించి ఉన్నాడు. ముఖం ముఖంలా లేదు. ఒక కన్ను మూసుకుపోయింది, పెదవి చీలి పళ్లు కనబడుతున్నాయి. చెల్లెల్ని చూసి లేవబోతే ఒకడు కడుపులో తన్నాడు. గండయ్య కుర్చీలో కాలు మీద కాలేసుకుని, చేతిలో చాయ్ గ్లాసుతో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"సూడు బిడ్డా. మీ అన్న లేదంటాండు. మీ అమ్మ ఉన్నదని దేవుని ముందల జెప్పింది. గీ ఇద్దరిట్ల అబద్ధమాడేదెవరో నువ్వే జెప్పు. మీ అమ్మ అబద్ధమాడిందను, ఇప్పుడే తోలుకపో."

ఒక్క మాట. అమ్మ గొప్పకు పోయి చెప్పిందంటే చాలు. క్రిస్టీనా నోరు తెరిచింది కూడా.

"అమ్మ అబద్ధం జెప్పది," అన్నాడు శాంసన్ నెత్తురు ఉమ్ముతూ. "అనకు చెల్లె."

కడ్డీ అతని భుజం మీద పడింది. పొద్దున్నుంచీ ఆ మాటకే తన్నులు తింటున్నాడని అప్పుడామెకు అర్థమైంది. జీవితమంతా పదిమంది ఎముకలు విరిచిన మనిషి, ఈ ఒక్క మాట దగ్గర మొండికేశాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బ్యాగులోంచి పలక తీసి గండయ్య ముందు పెట్టింది.

గండయ్య వంగి చూశాడు. గోటితో తాకి వాసన చూశాడు.

"గిది మసి. మా అవ్వ పెంక కింద గింతకంటె మస్తుంటది."

పోరగాళ్లు మళ్లీ కడ్డీలు ఎత్తారు. ఆగమని అరిచింది క్రిస్టీనా. మూలన గ్యాసు పొయ్యి ఉంది, దాని మీద వాళ్లు రొట్టెలు కాల్చుకునే పెంక ఉంది. వెళ్లి పొయ్యి వెలిగించింది. ఏం చేస్తున్నదీ ఆమెకు బాగా తెలుసు. ఆ రేణువులు విడివిడిగా నిలబడేది వాటి మీది పల్చటి పూత వల్లనే. వేడికి ఆ పూత కాలిపోతే అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అందరికీ తెలిసిన బంగారమైపోతాయి. మళ్లీ నల్లగా చేయడం దేవుడి వల్ల కూడా కాదు. ఏడాదిన్నర పనిని పెంక మీద పెట్టి మంట మెల్లగా పెంచింది.

ముందు కుళ్లిన గుడ్ల కంపు లేచింది. పోరగాళ్లు ముక్కులు మూసుకున్నారు. నలుపు అంచుల్లో గోధుమరంగు పుట్టింది, లోపలికి పాకింది. ఆ తర్వాత మధ్యలో ఒకచోట పచ్చగా మెరిసింది. చూస్తుండగానే పలకంతా పచ్చబడింది. కొత్త పుస్తెలా ధగధగలాడింది. పోరగాళ్లు కడ్డీలు దించి పొయ్యి చుట్టూ మూగారు. గండయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లాడిలా పెంకలోకి చెయ్యి పెట్టి, కాలి, బూతు తిట్టి వెనక్కి లాక్కున్నాడు. క్రిస్టీనా మాత్రం ఆ పచ్చదనం వైపు చూడకుండా పలకను పట్టకారుతో కిందికి దించింది, ఖాళీ పెంక మంట మీదే ఉండిపోయింది. ఆమె చేసిన వస్తువు చచ్చిపోయింది, అక్కడ మిగిలింది అంగట్లో దొరికేదే.

పలక చల్లారాక గండయ్య కత్తితో పేపరు మీదికి గీకాడు. పొట్టులా రాలింది. ఊపిరికి సగం ఎగిరిపోయింది. మిగిలినదాన్ని కూడదీస్తే ఆవగింజలో సగం కూడా కాలేదు.

"గిది ముక్కుపుల్లకు గూడ రాదన్నా," అని ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడూ నవ్వాడు.

ఆ నవ్వే శాంసన్ కొంప తీసింది. తనవాళ్ల ముందు నవ్వులపాలైన గండయ్య లేచి, గది మూలనున్న హద్దురాయిని రెండు చేతులా ఎత్తాడు. శాంసన్ కుడిచెయ్యిని గడప మీద పెట్టించి రాయి దించాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. శాంసన్ కేక హైవే దాకా వినబడి ఉంటుంది, ఎవరూ రాలేదు. రెండోసారి రాయి లేస్తుంటే క్రిస్టీనా చేతికి పెంక దొరికింది. ఎంతైనా సత్యానందం బిడ్డ. వేడి పెంకను ఒట్టి చేత్తో పట్టుకుని గండయ్య మెడ మీద బలంగా వేసింది. చర్మం చుయ్యిమంది. గండయ్య తోలు పెంకకు అంటుకుంది, ఆమె అరచెయ్యీ అంటుకుంది. తర్వాత ఎన్ని కాళ్లు ఆమె పక్కటెముకల మీద పడ్డాయో ఆమెకు గుర్తులేదు. అన్నాచెల్లెళ్లను తీసుకొచ్చి శామీర్‌పేట రోడ్డు పక్కన పడేశారు.

సికింద్రాబాద్ ఆస్పత్రిలో శాంసన్ కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు. గండయ్య మెడకు తువ్వాలు చుట్టుకుని తిరిగాడే తప్ప మళ్లీ వాళ్ల జోలికి రాలేదు. ఆవగింజ కోసం జైలుకు పోయేటంత తెలివితక్కువవాడు కాదు. కానీ అతని పోరగాళ్లు తాగి వాగారు. ఆ పోరి మసిని పెంక మీద పెడితే బంగారమైంది, మా కళ్లతో చూశామని. ఎంత అయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కడినుంచి ఊరు ఊరంతా పిచ్చెక్కినట్టు తయారైంది. బస్సులో క్రిస్టీనా బ్యాగు లాగి చింపారు. ఇవ్వనందుకు ఒకడు ఆమె జుట్టు పట్టి కడ్డీకేసి కొట్టాడు. ఒక సాయంత్రం ఊరివాళ్లే, పండక్కి కేకులు పంచుకున్నవాళ్లే, గునపాలతో వచ్చి వంటగది నేల తవ్వారు. రాళ్ల దెబ్బలకు ఇంటి రేకులు పగిలాయి. అడ్డుపోయిన ఎలీషమ్మను గోడకేసి విసిరారు. కాలేజీవాళ్లు కొన్నాళ్లు రావద్దన్నారు. పలక సంగతి ఒప్పుకోవడానికి వెళ్తే దుర్గాబాయి మేడం తిట్టలేదు, కానీ ముఖం చూడలేదు. ఊళ్లో ఈ పుకారు చల్లారితేనే తిరిగి రమ్మంది.

పుకారు ఎలా చల్లారుతుంది? చెప్పింది ఎలీషమ్మ మరి.

ఆస్పత్రి నుంచి వచ్చిన శాంసన్‌కు తల్లి అన్నం తినిపిస్తోంది. అసలేం జరిగిందని ఆమె అప్పటిదాకా అడగలేదు, ఆ పూట అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. అమ్మ అబద్ధం చెప్పిందని ఒక్క మాటంటే వదిలేస్తామన్నారని, అననందుకు చెయ్యి పోయిందని. ఎలీషమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి అది కొడుకు నోట్లో పెట్టి, ఇంకో ముద్ద కలిపింది. 

ఆదివారం పాస్టరు సాక్ష్యాలు అడిగాడు. గోడ దెబ్బకు వంగిన నడుముతో ఎలీషమ్మ లేచింది. చర్చి కిటకిటలాడుతోంది. ఇంటి నేల తవ్వినవాళ్లు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

"నేను అబద్ధం జెప్పిన. గొప్పకు జెప్పిన. నా బిడ్డ కాలేజీల సీసాలు కడుగుతది. గా నల్లది మసే. పోరగాండ్లు తాగి సూసిండ్రు. బంగారం లేదు, ఏం లేదు. ప్రభువు నన్ను క్షమించాలె."

వెనకనుంచి ఎవరో థూ అన్నారు. క్రిస్టీనా లేవబోయింది. తల్లి చెయ్యి ఆమె భుజాన్ని కిందికి నొక్కింది. ముసలి చేతిలో అంత బలముందని క్రిస్టీనాకు అప్పుడే తెలిసింది. పాస్టరు ముఖం ఎర్రబడింది. దేవుడి ఇంట్లో అబద్ధసాక్ష్యం పలికినందుకు ఆమెను ఏడాదిపాటు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరంగా ఉంచుతున్నానని అందరి ముందూ ప్రకటించాడు. ఎలీషమ్మ తలవంచి సరేనంది.

అందరూ నమ్మారు. గండయ్య పోరగాళ్లు ప్రమాణాలు చేసినా ఎవరూ లెక్కచేయలేదు. పెనిమిటి కొట్టాడని చెప్పిన మనిషి, గుడ్లు దొంగిలించానని చెప్పిన మనిషి అబద్ధమని తానే ఒప్పుకున్నాక ఇక అనుమానమెక్కడిది. ఇంటి మీద రాళ్లు ఆగిపోయాయి. పంపు దగ్గర ఆమెను చూసి ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు, అంతే.

ఆ రోజు తల్లీకూతుళ్లు చర్చి నుంచి నడిచి వచ్చారు. ఇంటి దగ్గరి మలుపులో ఎలీషమ్మ ఆగింది.

"పెంక మీద పెడితె అది నిజంగనే పచ్చగైందా బిడ్డా?"

"అయిందమ్మా."

"ఎట్లుండె?"

"మస్తుండె."

ఎలీషమ్మ ముసుగు సర్దుకుని నడిచింది. క్రిస్టీనా రోడ్డు మీదే ఏడ్చింది.

వానాకాలం పోయాక కాలేజీవాళ్లు ఆమెను మళ్లీ రానిచ్చారు. కాలి ముడుచుకుపోయిన అరచేత్తోనే సీసాలు పట్టింది. ముద్దయినవి ముద్దయ్యాయి, చీలినవి చీలాయి. రెండువేల ఎనిమిదిలో మళ్లీ పలక కుదిరింది, మొదటిదానికంటే పెద్దది, ఇంకా నల్లటిది. బెంగళూరులో కొలిచారు. కంటికి కనబడే వెలుతురూ కనబడని వేడీ రెండింటినీ అది దాదాపు మొత్తం తాగేస్తోందని కబురొచ్చింది. క్రిస్టీనా ఆ రాత్రి తలుపు వేసి తల్లి చెవిలో చెప్పింది, అన్న కూడా విన్నాడు. మర్నాడు ఆదివారం. పాస్టరు సాక్ష్యాలు అడిగినప్పుడు ఎలీషమ్మ లేవకుండా, తాను కూర్చున్న చాప అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుని, అందరి సాక్ష్యాలూ అయిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.